గుట్టు మాటలో లేదు, తాళంచెవిలో ఉంది

నాగులేరు ఒడ్డున ఉన్న దాచేపల్లి సంతకు వెళితే మూడు నాలుగు భాషలు వినిపిస్తాయి. తండాల నుంచి వచ్చినవారు గోర్ బోలి మాట్లాడుకుంటారు. ఎరుకలవారు తమలో తాము కుర్రు మాట్లాడుకుంటారు. మిరప, పత్తి బేరం మాత్రం తెలుగులో జరుగుతుంది. పక్కవాడికి అర్థం కాని మాటను లోకం ఎలా చూసిందో తెలుసుకుంటే, ఈనాడు మన పిల్లలు నేర్చుకోవాలనుకుంటున్న సైబర్ భద్రత చదువుకు పునాది ఎక్కడుందో తెలుస్తుంది.

ఎరుకలవారు ఒకప్పుడు పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగిన వర్తకులు. బుట్టలు అల్లారు, సోదె చెప్పారు. రైళ్లు వచ్చాక ఉప్పు వర్తకం పోయింది. తిరిగే బతుకు మీద సర్కారుకు అనుమానం పెరిగింది. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వ్యాపించింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ చట్టం నీడలోనే పుట్టింది. ఆనాటి పోలీసు పుస్తకాలు ఇలాంటి తెగల మాటలను దొంగల పరిభాషగా రాసుకున్నాయి. తల్లి బిడ్డను పిలిచే భాష వారి చెవికి కుట్రలా వినిపించింది. కుర్రు తమిళానికి దగ్గరి చుట్టమైన ద్రావిడ భాష. అది సంకేతం కాదు, భాష.

అదే చట్టం నమోదైనవారి వేలిముద్రలు తీసుకునే అధికారాన్ని పోలీసులకు ఇచ్చింది. నేరం చేశాడా లేదా అన్నది తర్వాతి మాట, పుట్టుకే ముద్ర వేయించింది. 1952లో ఆ చట్టం రద్దయింది. ఈ రోజు రేషన్ దుకాణంలో, బ్యాంకులో మనం వేసేదీ వేలిముద్రే. అప్పుడు దాన్ని మనమీద నిఘాకు వాడారు. ఇప్పుడది మన సొమ్ముకు కాపలా. ఆ కాపలా ఎలా పనిచేస్తుందో తెలిసినవారు మనలోనూ ఉండాలి.

ఇక్కడ అమెరికా ఆదివాసుల కథ చెప్పుకోవాలి. అక్కడి బోర్డింగ్ బడుల్లో నవాహో పిల్లలు సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. 1942లో అదే దేశపు నౌకాదళ సైన్యం 29 మంది నవాహో యువకులను చేర్చుకుని, జపాన్‌తో యుద్ధంలో వార్తలు పంపడానికి సంకేత భాష తయారు చేయించింది. యుద్ధ ట్యాంకును వారు తాబేలు అన్నారు. ఇంగ్లీషు అక్షరాలకు జంతువుల పేర్లు పెట్టారు. అందువల్ల ఆ శిక్షణ లేని నవాహోకు కూడా ఆ వార్త అర్థమయ్యేది కాదు. వారి పని 1968 దాకా రహస్యంగానే ఉంచారు. ఇందులో పాఠం ఉంది. భాష తెలియకపోవడం ఒక అడ్డం మాత్రమే. అసలు కాపలా దాని మీద వేసిన సంకేతానిది.

1883లోనే కెర్కాఫ్స్ అనే పండితుడు ఈ సంగతి సూత్రంగా చెప్పాడు: పద్ధతి శత్రువుకు తెలిసిపోయినా ఫరవాలేదు, తాళంచెవి ఒక్కటీ దాగి ఉంటే చాలు. గూఢలిపి శాస్త్రం ఈనాటికీ ఈ మాట మీదే నిలబడింది.

దీన్ని బడిలో నల్లబల్ల మీదే చూపవచ్చు. ప్రతి హల్లునూ వర్ణమాలలో మూడు అడుగులు ముందుకు జరపండి, గుణింతం గుర్తులు అలాగే ఉంచండి. ‘మిరప’ కాస్తా ‘లిశభ’ అవుతుంది. ఇక్కడ తాళంచెవి మూడు. రోమన్ పాలకుడు సీజర్ వాడిందీ ఇలాంటిదే. కానీ క నుంచి ళ దాకా 34 హల్లులు అనుకుంటే, ప్రయత్నించాల్సిన చెవులు 33 మాత్రమే. ఓపిక ఉన్న పిల్లవాడు ఒక పూటలో విప్పేస్తాడు. హల్లులను ఎలాపడితే అలా కలిపేసినా, ఏ అక్షరం ఎక్కువసార్లు వస్తుందో లెక్కపెట్టి విప్పవచ్చని తొమ్మిదో శతాబ్దంలోనే బాగ్దాద్ పండితుడు అల్ కిందీ రాశాడు.

మరి దూరాన ఉన్న ఇద్దరు, అందరూ వింటుండగా, ఒకే చెవిని ఎలా తయారు చేసుకోవాలి? దీనికి 1976లో డిఫీ, హెల్‌మన్ దారి చూపారు. దాచేపల్లిలో ఒకరు, హైదరాబాదులో ఒకరు ఉన్నారనుకోండి. 13, 6 అనే అంకెలు అందరికీ తెలుసు. దాచేపల్లి మనిషి మనసులో 2 అనుకుని, ఆరును రెండుసార్లు వేసి గుణించి, వచ్చిన 36ను 13తో భాగిస్తే శేషం 10. అది బయటికి చెబుతాడు. హైదరాబాదు మనిషి 3 అనుకుని, ఆరును మూడుసార్లు వేసి గుణిస్తే 216, శేషం 8. అతను అది చెబుతాడు. ఇప్పుడు మొదటివాడు 8ని రెండుసార్లు గుణిస్తే 64, శేషం 12. రెండోవాడు 10ని మూడుసార్లు గుణిస్తే 1000, శేషం 12. ఇద్దరికీ 12 దొరికింది, కానీ 12ను ఎవరూ పైకి చెప్పలేదు. ఇంత చిన్న అంకెలైతే వినేవాడు ఇట్టే కనిపెడతాడు. వందల అంకెల పొడవున్న సంఖ్యలైతే కంప్యూటర్లకూ సాధ్యపడదు.

కాబట్టి ఈ ఉద్యోగం కోరే పిల్లలు ముందు పట్టుకోవాల్సింది ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ను కాదు. శేషాల లెక్క, ప్రధాన సంఖ్యలు, సంభావ్యత గట్టిగా రావాలి. తర్వాత పైథాన్ వంటి భాషలో పైన చెప్పిన రెండు పద్ధతులూ సొంతంగా రాయాలి. ఆ తర్వాత నేటి ప్రమాణమైన ఏఈఎస్, హ్యాష్, డిజిటల్ సంతకం చదవాలి. ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా దొరుకుతాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో సి.ఆర్. రావు పేరిట ఉన్న సంస్థ గూఢలిపి పరిశోధన చేస్తోంది. సొంతంగా కొత్త సంకేతం కట్టి భద్రమని నమ్మడం మాత్రం ఈ రంగంలో నిషిద్ధం. పదిమంది పరీక్షించి విప్పలేకపోయినదే భద్రం.

మన అవ్వల మాటలను నేరపు చిట్టాలో రాసిన కాలం పోయింది. ఆ చిట్టాలు రాసినవారికి భాషకూ సంకేతానికీ తేడా తెలియలేదు. మన పిల్లలకు తెలియాలి. ఇంట్లో కుర్రునూ గోర్ బోలినీ సిగ్గుపడకుండా మాట్లాడనివ్వండి, బడిలో శేషాల లెక్క నేర్పండి. దాచాల్సింది మన భాషను కాదు, తాళంచెవిని.