తలుపు లేని ఇంటికి గుర్తు ఎక్కడ? నిరాశ్రయ కుటుంబాలకు ఆరోగ్య సేవల సమన్వయం

రోడ్డు పక్కన, పేవ్‌మెంటు మీద, హ్యూమ్ పైపుల్లో, ఫ్లైఓవర్ కింద, గుడి మండపంలో, రైల్వే ప్లాట్‌ఫారం మీద బతికేవారిని జనగణన గృహరహితులుగా లెక్కిస్తుంది. 2011 ఫిబ్రవరి 28 రాత్రి జరిగిన లెక్కింపులో దేశవ్యాప్తంగా 17.7 లక్షల మంది ఈ కోవలో తేలారు. వారిలో 9.38 లక్షల మంది పట్టణాల్లో ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 1.45 లక్షలు. దేశవ్యాప్త లెక్కను కుటుంబాలుగా చూస్తే అవి దాదాపు 4.5 లక్షలు, అంటే సగటున కుటుంబానికి నలుగురు. ఫుట్‌పాత్ మీద పడుకునేది ఒంటరి మగవాడేనన్న అభిప్రాయం ఈ సగటు ముందు నిలవదు. అక్కడ గర్భిణి ఉంటుంది, బాలింత ఉంటుంది, చంటిబిడ్డ ఉంటాడు, దగ్గుతున్న ముసలి తండ్రి ఉంటాడు. వీరిలో ఒక్కొక్కరికి ఒక్కో శాఖతో పని. ఒకచోట జరిగిన చికిత్స తర్వాతి చోట తెలిసేలా, మధ్యలో తెగిపోకుండా ఈ సేవలను ముడివేయడమే సమన్వయం.

చిరునామా మీద కట్టిన వ్యవస్థ

2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ 50 వేల జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని, సుమారు 10 వేల మందికి ఒక ఏఎన్ఎంను, 200 నుంచి 500 ఇళ్లకు ఒక ఆశా కార్యకర్తను నిర్దేశించింది. ఈ లెక్కలన్నిటికీ మూలం ఇల్లు. అంగన్‌వాడీ టీచర్ సర్వే పుస్తకమూ ఇంటి వరుసలోనే సాగుతుంది.

నవజాత శిశు సంరక్షణలో ఈ ఇబ్బంది స్పష్టంగా కనిపిస్తుంది. ఆసుపత్రిలో కాన్పయిన తల్లిని ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్లి చూడాలి. బిడ్డను తూచాలి, ఒళ్లు చల్లబడిందేమో, బొడ్డు చీము పట్టిందేమో గమనించాలి. ఫ్లైఓవర్ పిల్లర్ దగ్గర బతికే తల్లి డిశ్చార్జి కాగితంలో చిరునామా గడి ఖాళీగానైనా ఉంటుంది, లేదా ఏదో కూడలి పేరుతో నిండుతుంది. ఆ పిల్లర్‌కు అటువైపు ఒక వార్డు, ఇటువైపు మరొక వార్డు అయితే ఆమె ఎవరి ‘ఏరియా’ కిందికి వస్తుందో తేలదు. తేలేలోపు వాన వస్తుంది, లేదా మున్సిపల్ సిబ్బంది సామాను తీయిస్తారు, లేదా లేబర్ అడ్డాలో దొరికిన పని కుటుంబాన్ని ఊరి అవతలికి తీసుకుపోతుంది. పద్నాలుగో రోజు వచ్చేసరికి బాలింత అక్కడ ఉండదు.

డబ్బుతో ముడిపడిన పథకాలదీ ఇదే తీరు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ అర్హతను ప్రధానంగా రేషన్ కార్డుతో ముడిపెట్టారు. ప్రధానమంత్రి మాతృ వందన సాయానికి ఆధార్, బ్యాంకు ఖాతా కావాలి. ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ వల్ల కార్డున్న వలస కుటుంబానికి ఏ ఊళ్లోనైనా బియ్యం దొరుకుతాయి కానీ, అసలు కార్డే లేని కుటుంబానికి దానివల్ల ఒరిగేది లేదు.

ఎక్కడ తెగుతుంది

మూడు సందర్భాల్లో గొలుసు ఎక్కువగా తెగుతుంది. మొదటిది టీకా. పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలకు మూడుసార్లు పడాలి, తర్వాత తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా టీకా. తల్లీబిడ్డల కార్డు వానలో తడిసినా, మూటతో సహా పోయినా, కొత్త కేంద్రంలో బిడ్డకు ఏ డోసు పడిందో చెప్పే ఆధారం ఉండదు.

రెండోది గర్భం. ఒక ఆసుపత్రిలో చేసిన పరీక్షల ఫలితం రెండో ఆసుపత్రికి చేరకపోతే రక్తహీనత, అధిక రక్తపోటు కాన్పు నొప్పులు మొదలయ్యాకే బయటపడతాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఆరంభమైన 108 అంబులెన్స్ సేవ వల్ల ఆఖరి గంటలో ఆసుపత్రికి చేరడం తేలికైంది. అంతకు ముందు తొమ్మిది నెలల పర్యవేక్షణ 108 పని కాదు.

మూడోది క్షయ. మందులకు లొంగే క్షయకు మామూలుగా ఆరు నెలల చికిత్స అవసరం. క్షయ రోగుల వివరాలుండే నిక్షయ్ పోర్టల్‌లో నమోదైన రోగిని ఒక టీబీ యూనిట్ నుంచి మరొకదానికి బదిలీ చేయవచ్చు. అందుకు రోగి వెళ్లిపోతున్నట్టు ముందుగా ఎవరికో ఒకరికి తెలియాలి. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరులో దాన్ని 1,000 చేశారు. ఆ సొమ్ము పడేది బ్యాంకు ఖాతాలోనే. రోగి ఇంట్లోవారందరికీ పరీక్షలు, అవసరమైతే నివారణ మందులు ఇవ్వాలన్న నియమం వచ్చినప్పుడు ‘ఇంట్లోవారు’ ఎవరన్న ప్రశ్న లేస్తుంది. ఒకే టార్పాలిన్ కింద పడుకునే రెండు కుటుంబాలు కాగితం మీద వేరైనా, పీల్చే గాలి ఒకటే.

పోలియో నేర్పిన పాఠం

చిరునామా లేని బిడ్డను వెతికి పట్టుకోవడం సాధ్యమని పల్స్ పోలియో కార్యక్రమం నిరూపించింది. చుక్కలు వేసే బృందాలు ప్రతి ఇంటి తలుపు మీద సుద్దతో గుర్తు పెట్టేవి. పిల్లలందరికీ వేస్తే ‘పి’, తాళం వేసి ఉన్నా, ఒక్క బిడ్డ మిగిలినా ‘ఎక్స్’. తలుపే లేనివారి కోసం వేరే ఏర్పాట్లు వచ్చాయి. ఇటుక బట్టీలు, నిర్మాణ స్థలాలు, సంచార జాతుల మకాములు విడిగా జాబితాకెక్కాయి. బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో ట్రాన్సిట్ బృందాలు నిలబడ్డాయి. చుక్కలు పడిన బిడ్డ ఎడమచేతి చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టేవారు. తలుపు మీది గుర్తు అక్కడే ఉండిపోతుంది, వేలి మీది గుర్తు బిడ్డతోపాటు వెళుతుంది. దేశంలో చివరి సహజ పోలియో వైరస్ కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతంతోపాటు భారత్‌కు పోలియోరహిత ధ్రువీకరణ లభించింది. అదే ఏడాది డిసెంబరులో మొదలైన మిషన్ ఇంద్రధనుష్ ఈ మకాముల జాబితా పద్ధతిని మిగతా టీకాలకూ విస్తరించింది.

అయితే ఈ పోలికకు ఒక హద్దు ఉంది. రెండు చుక్కలు వేయడం ఒక్క క్షణం పని. సిరా కొద్ది రోజుల్లో చెరిగిపోయినా నష్టం లేదు. గర్భం తొమ్మిది నెలలు, క్షయ చికిత్స ఆరు నెలలు సాగుతుంది. అన్నాళ్లు నిలవడానికి గుర్తు చాలదు, బాధ్యత పడే మనిషి కావాలి.

షెల్టర్ అనే కూడలి

ఆహార హక్కు కేసులో 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత పట్టణ షెల్టర్లకు ఊపు వచ్చింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ లక్ష జనాభాకు 100 మంది పట్టే శాశ్వత వసతి గృహం ఉండాలంది. మనిషికి 50 చదరపు అడుగులు, రోజంతా వసతి, ఆరోగ్య కేంద్రంతో, అంగన్‌వాడీతో, బడితో అనుసంధానం కూడా ఆ మార్గదర్శకాల్లో ఉన్నాయి. అమలు తీరుపై ఫిర్యాదులు రాగా 2016లో సుప్రీంకోర్టు జస్టిస్ కైలాశ్ గంభీర్ నేతృత్వంలో కమిటీని వేసింది.

ఆరోగ్య దృష్టితో చూస్తే షెల్టర్ కేవలం పడక కాదు, కుటుంబానికి దొరికే తొలి చిరునామా. కానీ ఆడవారికొకటి, మగవారికొకటిగా విడదీసే షెల్టర్‌లో మందు వేసుకోవాల్సిన భర్త ఒకచోట, వేళకు గుర్తుచేయాల్సిన భార్య మరొకచోట ఉంటారు. పన్నెండేళ్ల కొడుకును ఏ వైపు పంపాలో తెలియక తల్లి ఫుట్‌పాత్‌కే తిరిగి వెళుతుంది. అందుకే కుటుంబ షెల్టర్లు సమన్వయంలో భాగమే.

హైదరాబాద్‌లో 2018 ఏప్రిల్‌లో మొదలైన బస్తీ దవాఖానాల్లో డాక్టర్, నర్సు, ఉచిత మందులు నడక దూరంలో దొరుకుతాయి. రక్తనమూనాలు కేంద్ర ల్యాబ్‌కు వెళతాయి. అయితే దినకూలీకి పగటివేళ డాక్టర్ దగ్గరికి వెళ్లడమంటే ఆ రోజు కూలి పోయినట్టే కనుక, సాయంత్రం షెల్టర్ దగ్గరికే బృందం వెళ్లడం ఎక్కువ ఫలితమిస్తుంది. అమెరికాలోని బోస్టన్‌లో 1985లో ఆరంభమైన నిరాశ్రయుల ఆరోగ్య కార్యక్రమం పట్టుకున్న సూత్రం ఇదే. డాక్టర్లు, నర్సులు షెల్టర్లలోనే క్లినిక్ పెడతారు. ఆసుపత్రిలో ఉంచాల్సినంత జబ్బు కాకపోయినా వీధిలో కోలుకోలేని రోగులకు విశ్రాంతి పడకలు ఏర్పాటు చేశారు. కాన్పయిన మరునాడో మూడో నాడో బయటికొచ్చే బాలింతకూ అలాంటి పడకే అవసరం.

సమన్వయానికి కనీస అంగాలు

పై అనుభవాలను బట్టి నాలుగు అంగాలు తప్పనిసరి. ఒకటి, కుటుంబం మొత్తానికి ఒకే బాధ్యురాలు. ఆమె ఆశా కార్యకర్త కావచ్చు, షెల్టర్ ఉద్యోగి కావచ్చు. కుటుంబం వార్డు మారితే, అవతలి బాధ్యురాలికి ఫోన్‌లో అప్పగించాకే ఆమె పని ముగియాలి. రెండు, టీకా, గర్భం, క్షయ వివరాలు కుటుంబం చేతిలోనూ, ఆన్‌లైన్‌లోనూ రెండుచోట్లా ఉండటం. కాగితం షెల్టర్‌లో దాచుకునే వీలు కూడా ఇందులో భాగం. మూడు, డిశ్చార్జికి ముందే ‘ఇక్కణ్ణుంచి ఎక్కడికి వెళతారు’ అని అడిగి, ఆ చోటి సిబ్బందికి కబురు చేయడం. నాలుగు, కార్డు, ఖాతా ఇప్పించే పనిని వైద్యంతోపాటే మొదలుపెట్టి, అవి వచ్చేదాకా చికిత్సను ఆపకపోవడం.

ఎన్ని శిబిరాలు పెట్టారు, ఎంతమందికి మాత్రలు పంచారు అన్న అంకెలు ఈ పనికి కొలత కావు. మూడో డోసు దాకా చేరిన బిడ్డలు, ఆరో నెల దాకా మందు ఆపని రోగులు, నలభై రెండో రోజున కంటపడిన బాలింతలు ఎందరన్నదే కొలత.