ఎన్నుకునే స్వేచ్ఛ - సెల్‌ఫోను చరిత్ర

ఏ ఫోను కొనాలి? ఎన్ని జీబీలది కొనాలి? ఏ కంపెనీ సిమ్ము వెయ్యాలి? మన కాలేజీల్లో ఈ మూడు ప్రశ్నలమీద జరిగినంత చర్చ పాఠ్యగ్రంథాల మీద జరగదు. అందుకు విద్యార్థుల్ని దెప్పిపొడవడం పెద్దలకు అలవాటు. నా ఉద్దేశంలో ఇవి చిల్లర ప్రశ్నలు కావు. కాకపోతే వీటిని అభిరుచికి సంబంధించిన ప్రశ్నలుగా అడుగుతున్నాం. నిజానికివి చరిత్రకు సంబంధించిన ప్రశ్నలు. దుకాణం బల్లమీద పరిచిన సరుకులో మనకు నచ్చింది మనం ఎన్నుకుంటున్నమాట నిజమే. కాని ఆ బల్లమీద ఏముండాలో, ఏముండకూడదో ముందే ఎవరో నిర్ణయించారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు నిర్ణయించారన్నదే తెలుసుకోవలసిన విషయం.

ఇది తెలుసుకోవడానికి అద్దాల షోరూముకన్నా బెజవాడ ఆటోనగర్ మంచి చోటు. 1960 దశకంలో వెలసిన ఈ పేటలో యంత్రం మనిషి చేతికి లోబడి ఉంటుంది. కంపెనీనుంచి లారీ ఛాసిస్‌గా వస్తుంది. దానిమీద బాడీ కట్టేది ఇక్కడి వడ్రంగీ, వెల్డరూ, టింకరూ, పెయింటరూను. ఏ భాగం చెడితే ఆ భాగమే విప్పుతారు. కొత్తది దొరక్కపోతే పాత సామాను కొట్లో వెతుకుతారు. అక్కడా లేకపోతే లేతుమీద చేయిస్తారు. లారీని కంపెనీ అమ్మిందిగదా అని దాని మంచిచెడ్డలు కంపెనీయే తేల్చాలని ఇక్కడెవరూ అనుకోరు. ఇదే పనివాడి జేబులో ఉన్న ఫోను మాత్రం మూతవేసిన పెట్టె. ఈ తేడా ఎలా వచ్చింది?

సెల్‌ఫోను రాకముందు లారీ రవాణాలో కబురు యజమాని ఆస్తి. టెలిఫోను ట్రాన్స్‌పోర్టు ఆఫీసు బల్లమీద ఉండేది. లారీ కలకత్తా చేరిందో లేదో ట్రంక్‌కాల్ వస్తేనే తెలిసేది. ఇంట్లోవాళ్ళకు తెలియాలంటే ఆఫీసుకు పోయి అడగాలి. 1984లో ప్రభుత్వం సీడాట్ సంస్థను స్థాపించి స్వదేశీ ఎక్స్ఛేంజీలు తయారు చేయించిన తరవాత ఎస్‌టిడి బూత్‌లు వీధివీధికీ వచ్చాయి. సొంత ఫోనులేని మనిషికి దూరపు మాట అందుబాటులోకి తెచ్చిన ఖ్యాతి ఈ పసుపుపచ్చ బోర్డులకే దక్కాలి.

తరవాత 1994లో జాతీయ టెలికాం విధానం ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచింది. 1995 జూలై 31న పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుంచి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాట్లాడడంతో సెల్‌ఫోను చరిత్ర ఆరంభమయింది. ఆ రోజుల్లో నిమిషానికి ఛార్జీ 16 రూపాయల 80 పైసలదాకా ఉండేది. వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టాలి! అంటే ఎదుటివాడు పిలిచినా మనకే జరిమానా. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌ను టాటా సెల్యులార్, జె.టి. మొబైల్స్ అనే రెండు ప్రైవేటు కంపెనీలు పంచుకున్నాయి. మొదటిది తరవాత ఐడియాలో కలిసింది, రెండోదాన్ని భారతి కంపెనీ కొనుక్కుంది. కంపెనీలు పోటీపడి ఒప్పుకున్న లైసెన్సు రుసుములు తామే కట్టలేకపోతే, 1999లో ప్రభుత్వం విధానాన్నే మార్చి, స్థిర రుసుముకు బదులు ఆదాయంలో వాటా తీసుకుంటానన్నది. అప్పు తీర్చలేని రైతుకు ఇంత సులువుగా పద్దు తిరగరాసిన ప్రభుత్వాన్ని మన డెల్టాలో ఎవరూ చూసి ఉండరు.

ఆటోనగర్ పనివాడి జేబులోకి ఫోను వచ్చింది ఆ తరవాత. 2000 అక్టోబరులో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ బి.ఎస్.ఎన్.ఎల్. 2002లో సెల్‌ఫోను రంగంలోకి దిగింది, రిలయన్స్ కూడా అప్పుడే వచ్చింది, రేట్లు దిగాయి. 2003 మే 1నుంచి వచ్చిన కాల్‌కు డబ్బు కట్టనక్కరలేకపోయింది. దీన్నుంచే మన జనం ఒక కొత్త విద్య కనిపెట్టారు: మిస్డ్‌కాల్! ఒక రింగు ఇస్తే "లారీ చేరింది", రెండిస్తే "నువ్వే చెయ్యి". ఇది ఏ కంపెనీ కరపత్రంలోనూ లేని సౌకర్యం. లేనివాళ్ళు తమ అవసరంకొద్దీ సృష్టించుకున్నది.

2008లో లైసెన్సులు పంచిన తీరూ, 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు వాటిలో 122 రద్దు చెయ్యడమూ అందరికీ తెలిసినవే. అంతగా చెప్పుకోని సంగతి మరొకటుంది. 2011 జనవరి 20నుంచి దేశమంతటా, నంబరు మారకుండా కంపెనీ మారే హక్కు వచ్చింది. మెకానిక్కుకు నంబరంటే కొట్టుమీద బోర్డు. అది పోతే ఖాతాదారులు పోతారు. ఆ భయంతోనే కంపెనీలు జనాన్ని కట్టిపడేశాయి. కనక ఈ హక్కు చిన్నది కాదు.

కాని కంపెనీ మారే హక్కుంటే చాలదు, మారడానికి మరో కంపెనీ ఉండాలి. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. మరుసటి సంవత్సరం మార్చి ఆఖరుదాకా అంతా ఉచితమన్నది. దీనివల్ల జనానికి మేలు జరగలేదని నేననను. డేటా చవక అయింది. కూలివాడి బిడ్డ కూడా ఫోనులో పాఠం వినగలిగింది. అది కాదనేవాడు కళ్ళు మూసుకున్నవాడు. అయితే ఆ ఉచితాన్ని తట్టుకోగల పెట్టుబడి ఎందరికుంది? అప్పటికే అప్పుల్లో ఉన్న కంపెనీలు ఒకటొకటే రాలిపోయాయి. ఎయిర్‌సెల్ దివాలా తీసింది. టాటావారు తమ ఖాతాదారుల్ని ఎయిర్‌టెల్‌కు అప్పగించి తప్పుకున్నారు. 2018 ఆగస్టులో వొడాఫోను, ఐడియా ఒకటయ్యాయి. ఒకప్పుడు డజనుకు పైగా ఉన్న పేర్లు ముగ్గురు ప్రైవేటువారూ, ఒక ప్రభుత్వసంస్థా అన్న స్థితికి వచ్చాయి.

ఫలితం వెంటనే కనబడింది. 2018 ఆఖరుకు ప్రైవేటు కంపెనీలు కనీసపు రీఛార్జి పెట్టాయి. అది చెయ్యకపోతే వచ్చే కాల్ కూడా ఆగిపోతుంది. 2003లో జనం సంపాదించుకున్నది ఈ దారిన చేజారింది. నెల అంటే 28 రోజులని కొత్త పంచాంగం రాశారు. 28ని 13తో హెచ్చవేస్తే 364. అంటే పన్నెండు నెలల జీతం తెచ్చుకునేవాడు పదమూడు రీఛార్జీలు చెయ్యాలి. 30 రోజుల పథకం కనీసం ఒకటైనా ఉండాలని ట్రాయ్ 2022లో ఆదేశించవలసి వచ్చింది. డేటా అక్కరలేనివాడికి మాటలకు మాత్రమే పథకం ఉండాలని 2024 డిసెంబరులో మళ్ళీ చెప్పవలసి వచ్చింది. 2024 జూలైలో ముగ్గురు ప్రైవేటువారూ ఒకేసారి రేట్లు పెంచితే, లక్షలమంది నంబరు పట్టుకుని బి.ఎస్.ఎన్.ఎల్.కు మారారు. కాని ఆ సంస్థకు దేశవ్యాప్తంగా 4జి ప్రారంభించే యోగం 2025 సెప్టెంబరులోగాని పట్టలేదు. ఈలోగా 2020 జనవరిలో స్వచ్ఛంద విరమణ పేరుతో డెబ్భై వేలకు పైగా ఉద్యోగుల్ని ఇంటికి పంపారు. ప్రభుత్వరంగం అసమర్థమని వాదించేవారు, దాన్ని ఎవరు ఏ పోటీకి ఏ ఆయుధమూ ఇవ్వకుండా దింపారో కూడా చెప్పాలి.

ఇక నిల్వ సంగతి. పదిహేనేళ్ళకిందట ఫోనులో ఒక మెమరీ కార్డు ఉండేది. లారీ డ్రైవరు దాన్ని కొట్లో ఇచ్చి పాటలు ఎక్కించుకునేవాడు. ఫోను పాడయితే కార్డు తీసి మరోదాంట్లో వేసుకునేవాడు. అంటే యంత్రం కంపెనీదైనా జ్ఞాపకాలు తనవే. 2007లో వచ్చిన ఐఫోనులో మొదటినుంచీ కార్డుకు చోటులేదు, బ్యాటరీ విప్పే వీలు లేదు. 2015లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్6 కూడా ఆ రెండూ తీసేసింది. చోటు చాలనివాడు ఎక్కువ జీబీల ఫోను ఎక్కువ ధరకు కొనాలి, లేదా కంపెనీ గిడ్డంగిలో అద్దెకు దాచుకోవాలి. 2015లో గూగుల్ ఫోటోలు ఎన్నైనా ఉచితంగా దాచిపెడతానన్నది. 2021 జూన్ 1నుంచి 15 జీబీలు దాటితే డబ్బు కట్టమన్నది. సిమ్ము విషయంలో జరిగిందీ, ఇక్కడ జరిగిందీ ఒకే కథ: ముందు ఉచితం, తరవాత అలవాటు, ఆపైన అద్దె.

కార్డు నిదానంగా నడుస్తుందనీ, మూసిన ఫోనులోకి నీరు దూరదనీ కొందరంటారు. అందులో కొంత నిజముంది. కాని ఇది సాంకేతికశాస్త్రం విధించిన శాసనమైతే చట్టం దాన్ని మార్చలేకపోవాలి. యూరపు సమాఖ్య 2023లో బ్యాటరీల చట్టం చేసి, వాడేవాడే బ్యాటరీ మార్చుకునే వీలుండాలని, కొన్ని మినహాయింపులతో, 2027 ఫిబ్రవరిని గడువుగా పెట్టింది. మన ప్రభుత్వం 2022లో మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టలు తెరిచింది. పోర్టలు వేరు, హక్కు వేరు. ఆటోనగర్ బతుకుతున్నది విప్పదగ్గ యంత్రాలమీదా, దొరికే విడిభాగాలమీదా. కంపెనీ దయమీద కాదు.

మరి ఏది ఎన్నుకోవాలి? అడిగిన విద్యార్థికి నేను చెప్పేదిది. కెమెరా కళ్ళు లెక్కపెట్టకు. నువ్వు ఉండే వీధిలో, పనిచేసే చోట ఏ సిగ్నలు అందుతుందో పక్కవాళ్ళ ఫోనుల్లో చూసి సిమ్ము తీసుకో. రెండు సిమ్ములూ, కార్డుకు చోటూ ఉన్న ఫోను దొరికితే దాన్నే చూడు. బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుందో, ఎన్నేళ్ళు సాఫ్ట్‌వేరు ఇస్తారో కొనేముందే అడుగు. నీ ఫోటోలకూ రాతలకూ మరో ప్రతి నీ దగ్గరే ఉంచుకో.

అయితే ఈ సలహాలతో ఒక మనిషి కొంత డబ్బు మిగుల్చుకుంటాడు, అంతే. బల్లమీద ఏ సరుకు పరచాలన్న నిర్ణయం ఇంకా అవతలివాడి చేతిలోనే ఉంటుంది. నంబరు మనదని 2011లో ఒప్పించుకోగలిగినప్పుడు, దాచుకున్నదీ మనదేననీ, చెడితే విప్పే హక్కూ మనదేననీ ఎందుకు ఒప్పించలేం? బలమైన ప్రభుత్వరంగ సంస్థ, కార్డుకు చోటు, విప్పదగిన బ్యాటరీ - వీటిని కొనుగోలుదారుడి కోరికలుగా కాక ప్రజల కోర్కెలుగా మన విద్యార్థి సంఘాలూ, ఉపాధ్యాయ సంఘాలూ తమ తీర్మానాల్లో చేర్చాలి. దుకాణంలో ఒక్కడుగా నిలబడ్డవాడు ధర మాత్రమే అడగగలడు. నలుగురూ కలిసినప్పుడే షరతులు అడగగలరు.