తలకొక పెన్నీ: వైద్య పరిశోధనకు చట్టబద్ధ నిధి పుట్టుపూర్వోత్తరాలు

వైద్య పరిశోధనకు ఏటా ప్రభుత్వ సొమ్ము అందేలా చూసే ఏర్పాటు బ్రిటన్‌లో ఒక బీమా చట్టంలో, క్షయ చికిత్సకు సంబంధించిన సెక్షన్‌లో పుట్టింది. ఆర్థికమంత్రి డేవిడ్ లాయిడ్ జార్జ్ ప్రవేశపెట్టిన జాతీయ బీమా చట్టం 1911 డిసెంబరులో ఆమోదం పొందింది. క్షయ రోగులను మంచి గాలి, విశ్రాంతి, పోషకాహారం లభించే శానటోరియాలలో ఉంచి చూసేందుకు బీమాదారు తలకు ఏడాదికి ఒక షిల్లింగు మూడు పెన్నీలు బీమా నిధి నుంచి, మరో పెన్నీ పార్లమెంటు మంజూరు చేసే సొమ్ము నుంచి కేటాయించి, ఆ చివరి పెన్నీని పరిశోధనకు వాడుకోవచ్చని ఆ సెక్షన్ అనుమతించింది.

పౌనుకు 240 పెన్నీలు ఉన్న ఆ కాలంలో ఒక పెన్నీ విలువ స్వల్పమే అయినా, బీమాదారులు కోటికి మించి ఉండడంతో ఏటా సుమారు 57,000 పౌన్లు సమకూరాయి. రాబర్ట్ కాక్ 1882లోనే క్షయ క్రిమిని కనుగొన్నా దాన్ని చంపే మందు అప్పటికింకా దొరకలేదు. అంత దీర్ఘకాలం సాగే అన్వేషణకు దాతల ఔదార్యం కన్నా బీమాదారుల సంఖ్యను బట్టి వచ్చే రాబడే గట్టి ఆధారం.

ఈ నిధి నిర్వహణకు 1913లో ఏర్పడిన వైద్య పరిశోధన కమిటీ, క్షయకే పరిమితం కాకుండా అన్ని వ్యాధులనూ తన పరిధిలోకి తీసుకుంది. 1920లో రాజశాసనం, అంటే రాజు పేరిట వెలువడే స్థాపన పత్రం, ద్వారా అది వైద్య పరిశోధన మండలిగా మారినప్పుడు తలసరి పెన్నీ స్థానంలో పార్లమెంటు ఇచ్చే ఏకమొత్తపు గ్రాంటు వచ్చింది. దాన్ని ఏ పరిశోధనకు వెచ్చించాలో మండలే నిర్ణయించుకునేది.

ఆ స్వేచ్ఛ ఫలితం క్షయ మందు స్ట్రెప్టోమైసిన్‌పై జరిగి, 1948లో ఫలితాలు వెలువడిన ప్రయోగంలో కనిపిస్తుంది. మందు కొరతగా ఉన్న ఆ రోజుల్లో 107 మంది క్షయ రోగులలో ఎవరికి మందు ఇవ్వాలో, ఎవరికి విశ్రాంతి మాత్రమే ఇవ్వాలో వైద్యుల ఇష్టానికి వదలక, సీలు వేసిన కవర్లలోని చీటీల ప్రకారం నిర్ణయించారు. ఆరు నెలలలో మందు వాడిన 55 మందిలో నలుగురు, వాడని 52 మందిలో 14 మంది మరణించారు. 1956లో అదే మండలి సహకారంతో మద్రాసులో నెలకొన్న క్షయ చికిత్సా కేంద్రం, మందులు సక్రమంగా వాడితే ఇంటి దగ్గరి చికిత్స శానటోరియం చికిత్సకు తీసిపోదని 1959లో నిరూపించి, పడక దొరకని పేద రోగులకు దారి చూపింది.

చట్టం వచ్చిన నాటి నుంచి ఈ నిరూపణ వరకు 48 ఏళ్లు పట్టాయి. ఏళ్ల తరబడి నిలకడగా అందే నిధి వైద్య పరిశోధనకు ఎంత అవసరమో ఈ చరిత్ర సూచిస్తోంది.