హవానా చుట్టల పెట్టె

గత దసరా పండుగలకు ఒక మిత్రుని చూడబోయినాను. ఆయన హైదరాబాదులో ఉంటారు. విదేశంలో ఉన్న అల్లుడు వస్తూ వస్తూ మామగారికొక హవానా చుట్టల కట్ట తెచ్చి ఇచ్చినాడు. ఆయన దానిని అపురూపంగా బీరువాలో దాచినారు. వేసవి గడిచిన తరువాత తీసి చూస్తే, చుట్టలు ఎండుటాకులవలె పెళపెళ విరిగినవి. విశాఖపట్టణంలో ఉన్న తమ్మునికి కూడ అటువంటి కట్టనే ఇచ్చినారట. అక్కడ శ్రావణమాసం వచ్చేసరికి వాటికి బూజు పట్టినది. ఒకే దేశపు ఆకు, ఒకే చేతి పనితనం. ఒక ఊరిలో ఎండి చెడినది, మరొక ఊరిలో చెమ్మగిల్లి చెడినది.

“వీటిని దాచుకొనడానికి హ్యూమిడార్ అని ఒక పెట్టె ఉన్నదట గదా! ఏది కొనమంటారు?” అని మిత్రుడు అడిగినారు. ఆయనకు చెప్పిన సమాధానమే ఈ ప్రసంగం. ఆ పెట్టె ఎందుకు పుట్టినదో తెలిస్తే గాని ఏది కొనవలెనో తెలియదు. అందుచేత చరిత్రతోనే మొదలు పెట్టవలసి వచ్చినది.

పొగాకుకు ఒక స్వభావమున్నది. చుట్టూ ఉన్న గాలిలో తేమ ఎక్కువగా ఉంటే పీల్చుకొంటుంది. తక్కువగా ఉంటే తన తేమను గాలికి వదలివేస్తుంది. ఒక ఉష్ణోగ్రతలో గాలి ఎంత నీటిఆవిరిని భరించగలదో, అందులో ఎన్నవ పాలు నిజంగా ఉన్నదో, ఆ లెక్కను సాపేక్షమయిన తేమ అంటారు. హవానా చుట్టకు ఇది నూటికి సుమారు 65 మొదలు 72 పాళ్ల వరకు ఉండవలెను. అంతకంటె బాగా తగ్గితే ఆకులోని సుగంధతైలాలు ఆవిరియై పోతాయి, పైఆకు పగులుతుంది. బాగా పెరిగితే బూజు పడుతుంది. క్యూబా ద్వీపంలో, సముద్రపు గాలి నడుమ, ఆకు పండి, పులిసి, చుట్టగా మారేటంతకాలం ఈ తేమ దానికి సహజంగానే లభిస్తుంది. చిక్కంతా ద్వీపం విడిచిన తరువాతనే.

1492లో కొలంబస్ నావికులు క్యూబా తీరంలో దిగినప్పుడు, అక్కడి ప్రజలు ఆకును చుట్టి, కొనకు నిప్పంటించి పొగ పీల్చడం చూచినారు. ఆ అలవాటు స్పెయిన్‌కు చేరినది. సెవిల్ నగరంలో స్పెయిన్ ప్రభువులు 18వ శతాబ్దంలో పొగాకు కర్మాగారానికై ఒక మహాసౌధం కట్టించినారు. 1875లో ప్రదర్శితమయిన “కార్మెన్” అనే ప్రసిద్ధ గేయనాటకంలో నాయిక పనిచేసేది ఈ కర్మాగారంలోనే. నేడు ఆ భవనంలో విశ్వవిద్యాలయం నడుస్తున్నది. 1717లో స్పెయిన్ రాజు క్యూబా పొగాకు వ్యాపారాన్ని తన గుత్తాధికారం క్రిందికి తెచ్చుకొన్నాడు. రైతులు తిరుగబడినారు, ఆ తిరుగుబాటును రాజప్రతినిధులు ఉరికంబాలతో అణచినారు. ఒక శతాబ్దం గడచిన పిమ్మట, 1817లో ఆ గుత్తాధికారం రద్దయినది. హవానాలో కర్మాగారాలు వెలసినవి. ఆకు బదులు తయారయిన చుట్టలే సముద్రం దాటడం మొదలయినది.

అప్పుడు పెట్టె అవసరమయినది. తొలిరోజులలో చుట్టలను వేలకు వేలు పెద్ద మందసాలలో పేర్చి ఓడల కెక్కించేవారు. చిన్న దేవదారు పెట్టెలలో పెట్టి పంపే పద్ధతిని హవానాలో స్థిరపడిన ఉప్మన్ అనే జర్మను వర్తకుడు వ్యాప్తికి తెచ్చినాడని అంటారు. 1860లలో, అంతర్యుద్ధపు ఖర్చులకై చుట్టలమీద పన్ను వేసిన అమెరికా ప్రభుత్వం, వాటిని లెక్క ప్రకారం పెట్టెలలో పెట్టి, ముద్రబిళ్ల అంటించి మాత్రమే అమ్మవలెనని శాసించినది. సుంకాధికారికి లెక్క చిక్కడానికి ఏర్పడిన పద్ధతి, చుట్టకు ఒక ఇంటిని కూడ ఏర్పరచినది.

ఆ పెట్టెకు వాడిన కలపను గురించి ఒక మాట చెప్పవలెను. దానిని లోకమంతా “స్పానిష్ సెడార్” అంటుంది. నిజానికది స్పెయిన్ దేశపుదీ కాదు, దేవదారూ కాదు. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలలో పెరిగే సెడ్రెలా అనే చెట్టు అది. వృక్షశాస్త్రం ప్రకారం మహాగని చెట్టు, మన పెరటి వేపచెట్టు, ఇదీ ఒకే కుటుంబంలోనివి. మన దేశపు తూన్ చెట్టు దీనికి మరీ దగ్గర బంధువు. ఒకప్పుడు శాస్త్రజ్ఞులు దానిని కూడ సెడ్రెలా జాతిలోనే చేర్చినారు. సెడ్రెలా కలప తేమను పీల్చి మెల్లమెల్లగా వదులుతుంది. అంతమాత్రాన వంకర పోదు. దాని పరిమళం పొగాకు పరిమళంతో కలహించదు. ఆ వాసన పురుగులకు అంతగా గిట్టదు. వేపాకును ధాన్యంలోను బట్టలలోను వేసి దాచుకొనే మనకు ఈ సంగతి ఆశ్చర్యం కలిగించదు.

అయితే ఆ పెట్టె ప్రయాణానికి చాలినది గాని కాపురానికి చాలలేదు. ఇంగ్లండులో చలికాలం వచ్చినదంటే గదులలో నిప్పు వేస్తారు. వెచ్చబడిన గది గాలి పొడిబారుతుంది. హవానా నుంచి పదిలంగా వచ్చిన చుట్ట లండనులో అగ్గిగూటి ప్రక్కనే ఎండిపోయేది. అందుచేత పెట్టె లోపల తేమనిచ్చే సాధనమొకటి అమర్చడం ఆరంభమయినది: మూతకు ఒక చిల్లుల డబ్బీ, దానిలో నీటిలో తడిపిన స్పంజి. “హ్యూమిడార్” అనే మాట ఇంగ్లీషులో వాడుకకు వచ్చినది 20వ శతాబ్దపు ఆరంభంలో. తేమ అనే అర్థమిచ్చే లాటిన్ పదమే దానికి మూలం.

1907లో ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ అనే వర్తకుడు లండను డ్యూక్ వీథిలో పొగాకు అంగడి తెరచినాడు. తరువాత అక్కడ పెద్ద ఖాతాదారుల చుట్టలను వారి పేర తేమ గదులలో నిలువచేసే ఏర్పాటు ప్రసిద్ధి పొందినది. 1941 ఏప్రిల్‌లో జర్మను విమానాల బాంబులకు ఆ అంగడి ధ్వంసమయినది. తెల్లవారక ముందే అంగడివారు ప్రధానమంత్రి చర్చిల్‌కు టెలిఫోను చేసి, ఆయన చుట్టలు క్షేమంగా ఉన్నవని తెలియజేసినారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ ఎంతవరకు నిజమైనా, తేమ గదిని ఎంత విలువైన భాండాగారంగా భావించినారో దానివలన తెలుస్తుంది.

తేమ ఉంచడం ఒక ఎత్తు, ఎంత ఉన్నదో కొలవడం మరొక ఎత్తు. ఈ కొలతకు మూలం చుట్టలతో ఏ సంబంధమూ లేని ఒక పండితుని పని. జెనీవా నగరవాసి సోస్యూర్, ఆల్ప్స్ పర్వతాల వాతావరణాన్ని పరిశీలించినవాడు, మనిషి వెండ్రుక తేమకు సాగుతుందనీ, పొడికి కుదించుకుపోతుందనీ గమనించి, 1783లో వెండ్రుకతో తేమను కొలిచే యంత్రాన్ని ప్రకటించినాడు. నేటికీ కొన్ని తేమమానాలు ఆ సూత్రం మీదనే పనిచేస్తున్నవి. అయితే పెట్టెకు అందంగా బిగించి ఇచ్చే చిన్న ముల్లు గడియారాలను నమ్మరాదు; పలుమార్లు అవి పది పాళ్ల వరకు తప్పు చూపుతాయి. వాటిని పరీక్షించే ఉపాయం మన వంటింటిలోనే ఉన్నది. ఒక చిన్న గిన్నెలో ఉప్పు పోసి, కరిగిపోకుండ ముద్ద అయ్యేటంత మాత్రం నీరు చల్లి, తేమమానంతో పాటు గాలిచొరని సీసాలో ఒకరోజు మూసి ఉంచవలెను. తడి ఉప్పు మూసిన చోట గాలిని సరిగా 75 పాళ్ల తేమ వద్ద నిలుపుతుంది. ముల్లు 70 చూపితే, అది 5 తక్కువ చెప్పుతున్నదని అర్థం.

పెట్టె అందానికీ, పెట్టె పనికీ ఉన్న దూరాన్ని చూపే ఉదంతమొకటి ఇటీవలి చరిత్రలో ఉన్నది. 1961 జనవరిలో కెనడీ అమెరికా అధ్యక్షుడయిన సందర్భంలో మిల్టన్ బర్ల్ అనే హాస్యనటుడు ఆయనకొక హ్యూమిడార్ బహూకరించినాడు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో కెనడీ క్యూబాతో వ్యాపారాన్ని నిషేధిస్తూ ఉత్తరువు చేసినాడు. సంతకానికి ముందు తన పత్రికా కార్యదర్శి శాలింజర్‌ను పంపి వేయి క్యూబా చుట్టలు తెమ్మన్నాడనీ, అతడు 1,200 తెచ్చిన తరువాతనే సంతకం చేసినాడనీ ఆ కార్యదర్శియే తరువాత వ్రాసినాడు. ఆ పెట్టె 1996లో న్యూయార్కులో వేలానికి వచ్చి 5,74,500 డాలర్లకు అమ్ముడుపోయినది. కొన్నవారు చెల్లించినది జ్ఞాపకానికి వెల. పది డాలర్ల డబ్బాకంటె అది చుట్టను ఎక్కువ కాలం కాపాడుతుందని ఆ వెల సాక్ష్యం చెప్పదు.

ఈ కథలో మన ప్రాంతానికి కూడ ఒక స్థానమున్నది. గోదావరి పాయల నడుమ ఇసుక మేటల మీద, వరద తెచ్చిన ఒండ్రులో పండే లంక పొగాకు ఘాటయినది. దానితో చుట్టిన లంక చుట్టలు మద్రాసు రాజధాని కాలంలో దొరలకు కూడ ప్రీతిపాత్రమయినవి. 1886లో వెలువడిన “హాబ్సన్ జాబ్సన్” నిఘంటువులో “లంక” అనే మాట ఆ అర్థంతోనే చోటు చేసుకొన్నది. కోనన్ డాయిల్ సృష్టించిన అపరాధ పరిశోధకుడు షెర్లాక్ హోమ్స్, 1890లో ప్రచురితమయిన “ది సైన్ ఆఫ్ ఫోర్” నవలలో, పొగాకు బూడిదను గురించిన తన పరిశోధనను వివరిస్తూ తిరుచిరాపల్లి చుట్టతో పాటు మన లంక చుట్టను కూడ పేర్కొంటాడు. అయినా లంక చుట్టకు హ్యూమిడార్ ఎవరూ చేయించలేదు. రైతు దానిని తలపాగాలోనో, చెవి మీదనో, రొంటిని దోపిన సంచిలోనో పెట్టుకొనేవాడు. అది పుట్టిన గాలిలోనే పుట్టి, ఆ గాలిలోనే కాలిపోయేది. పుట్టిన గాలిని విడిచినదానికే పెట్టె కావలసి వచ్చినది.

ఇప్పుడు మిత్రుని ప్రశ్నకు వస్తాను. ఆయనకు నేను చెప్పినది ఇది: మీరు కొంటున్నది క్యూబా గాలిని; పెట్టె దానికి పాత్ర మాత్రమే. కనుక మొదట మూత చూడండి. చీకటి గదిలో పెట్టె లోపల చిన్న టార్చిలైటు వెలిగించి మూయండి. అంచుల వెంట వెలుగు కనబడితే గాలి కూడ పోతుంది. ఎత్తి వదలిన మూత టప్పున పడక, లోపలి గాలి అడ్డుకొన్నట్లు మెల్లగా దిగితే మంచిది. లోపలి కలప సెడ్రెలా అయి, వార్నీషు పూయనిదై ఉండవలెను. మెరుగు అంతా పైననే. మీరు అనుకొన్న సంఖ్యకంటె కొంత పెద్దది కొనండి. నిండుగా కుక్కితే గాలి తిరుగదు. కొన్న వెంటనే చుట్టలు పెట్టకండి. కొత్త కలప దాహంతో ఉంటుంది. స్వేదనజలం పోసిన గిన్నె లోపల ఉంచి వారం పది రోజులు మూసి పెట్టండి. లేకుంటే అది చుట్టలలోని తేమనే త్రాగుతుంది. కుళాయి నీటిలోని లవణాలు స్పంజిని పూడ్చివేస్తాయి గనుక స్వేదనజలమే వాడవలెను.

మన ఊళ్లకు మరి రెండు జాగ్రత్తలు కావలెను. విశాఖలో వర్షకాలపు గాలికి తడి స్పంజి అక్కరలేదు. అక్కడ తేమను ఇవ్వడంతో పాటు తీసుకొనేది కూడ కావలెను. లవణద్రావణం నింపిన పొట్లాలు అందుకు దొరుకుతున్నవి. అవి గాలి పొడిబారితే తేమ ఇస్తాయి, ఎక్కువయితే పీలుస్తాయి. మన వంటింటి ఉప్పు పరీక్షలోని సూత్రమే వాటిలోనిది. రెండవది వేడి. ఉష్ణోగ్రత 24 డిగ్రీలు మించితే ఆకులో నిద్రించే పురుగుగుడ్లు పొదగడానికి అవకాశమున్నది. పసుపును, మిరపకాయలను తొలిచేదీ ఈ పురుగే. కాబట్టి పెట్టెను ఎండ తగలని చల్లని చోట ఉంచవలెను.

ఇంతా విని మిత్రుడు, “అయితే నునుపుగా మెరిసే పెట్టె అక్కరలేదా?” అన్నారు. మీ ఇంటిలో అమ్మగారు ఆవకాయ జాడీని ఎట్లా ఎంచుతారో గుర్తు చేసుకొనమన్నాను. రంగు చూచి కాదు గదా! మూత బిగువు, లోపలి నునుపు, తడి చొరకుండ వాసెన కట్టడానికి వీలయిన మెడ, ఇవి చూచి ఎంచుతారు. గాలి చొరకుండ మూతపడే వంటింటి డబ్బా ఒకటి, సెడ్రెలా చెక్క ముక్క ఒకటి, తేమ పొట్లం ఒకటి ఉంటే తొలి హ్యూమిడార్ సిద్ధమయినట్లే. నెల రోజులు తేమమానాన్ని చూస్తూ ఉంటే, తమ ఊరి గాలి సంగతి తమకే తెలిసివస్తుంది. అందమయిన పెట్టె కొనదలచుకొంటే అప్పుడు కొనవచ్చు.

చివర ఒక మాట చెప్పక తప్పదు. పొగ లోపలికి పీల్చకపోతే చుట్ట హాని చేయదని చాలకాలం అనుకొన్నారు. అది పొరపాటని నేడు స్పష్టమయినది. నోటికి, గొంతుకు, అన్నవాహికకు చుట్ట క్యాన్సర్ తెస్తుంది. నిప్పు కొనను నోటిలో పెట్టుకొని కాల్చే “అడ్డపొగ” వలన మన ఉత్తరకోస్తా స్త్రీలు అనుభవించిన బాధను వైద్యులు దశాబ్దాలుగా నమోదు చేస్తున్నారు. చుట్టను చెడకుండ దాచే విద్య ఎంత నేర్చినా, చుట్టవలన మనిషి చెడకుండ దాచే పెట్టె మాత్రం ఎవరూ కనిపెట్టలేదు. నా మిత్రుడు ఈ సంగతి విని కొంచెంసేపు ఊరకున్నారు. తరువాత, “ఉన్న నాలుగూ అల్లుడు మళ్లీ వచ్చేదాకా దాచితే చాలు, అతనితో కూర్చొని ఒకటి కాలుస్తాను,” అన్నారు. అందుకు వంటింటి డబ్బా సరిపోతుంది.