గాలి జనార్దన్ రెడ్డి: ఒక సరిహద్దు, ఒక పదం, ఒక సామ్రాజ్యం

ఓబుళాపురం మైనింగ్ కంపెనీ కేసులో కర్ణాటక మాజీ మంత్రి గాలి జనార్దన్ రెడ్డికి హైదరాబాద్ నాంపల్లిలోని సీబీఐ ప్రత్యేక న్యాయస్థానం 2025 మే 6న ఏడేళ్ల జైలుశిక్ష విధించింది. 2009 డిసెంబరులో నమోదైన కేసులో తీర్పు వెలువడేందుకు పదిహేనేళ్లకు పైగా పట్టింది. రెండు రోజులకే ఆయన శాసనసభ సభ్యత్వం రద్దయింది. జూన్‌లో తెలంగాణ హైకోర్టు శిక్ష అమలును నిలిపివేసి బెయిలు మంజూరు చేసింది. ఆ తర్వాత సభ్యత్వం కూడా తిరిగి దక్కింది.

ఎదుగుదల, పతనం, పునరాగమనం ఆయన జీవితంలో ఇలా ఒకదాని వెంట ఒకటి నడిచాయి. బళ్లారిలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం నుంచి వచ్చిన వ్యక్తి, రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను ఇరుకున పెట్టిన వివాదానికి కేంద్రబిందువు ఎలా అయ్యారు? ఈ ప్రశ్నకు సమాధానం వ్యక్తి చరిత్రలో కంటే, రాష్ట్రాల మధ్య చెరిగిపోయిన ఒక సరిహద్దు రేఖలోనూ, ప్రభుత్వ ఉత్తర్వులో కనిపించకుండా పోయిన ఒక పదంలోనూ ఎక్కువగా దొరుకుతుంది.

కానిస్టేబుల్ కుటుంబం నుంచి

జనార్దన్ రెడ్డి 1967 జనవరిలో జన్మించారు. తండ్రి చెంగారెడ్డి పోలీసు కానిస్టేబుల్. చిత్తూరు జిల్లా మూలాలున్న ఈ కుటుంబం ఉద్యోగరీత్యా బళ్లారి చేరింది. కరుణాకర్ రెడ్డి, సోమశేఖర్ రెడ్డి ఆయన సోదరులు. ఒకప్పటి మద్రాసు రాష్ట్రంలో భాగమైన బళ్లారి 1953లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. కన్నడంతోపాటు తెలుగు కూడా విస్తృతంగా వినిపించే ఈ ప్రాంతంలో సోదరులు స్థానికులుగానే గుర్తింపు పొందారు.

గనుల్లోకి రాకముందు జనార్దన్ రెడ్డి ఎన్నోబుల్ ఇండియా పేరుతో పొదుపు, పెట్టుబడుల సంస్థను నడిపారు. 1990ల చివర్లో ఆ సంస్థ మూతపడింది.

సోదరులకు రాజకీయంగా తొలి గుర్తింపు తెచ్చింది 1999 లోక్‌సభ ఎన్నిక. బళ్లారిలో కాంగ్రెస్ అధ్యక్షురాలు సోనియా గాంధీపై బీజేపీ సుష్మా స్వరాజ్‌ను నిలిపింది. సుష్మా 56,100 ఓట్ల తేడాతో ఓడిపోయినా, ఆమె తరఫున పనిచేసిన రెడ్డి సోదరులు, వారి సన్నిహితుడు బి.శ్రీరాములు పార్టీ నాయకత్వం దృష్టిలో పడ్డారు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు సుష్మా ఏటా వరమహాలక్ష్మి వ్రతానికి బళ్లారి వచ్చేవారు. 2004లో కరుణాకర్ రెడ్డి బళ్లారి లోక్‌సభ స్థానంలో గెలిచారు.

ఎర్రమట్టి బంగారమైన వేళ

బళ్లారి, హోస్పేట, సండూరు కొండల్లో మేలురకం ఇనుప ఖనిజం ఉంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు ముందటి ఏళ్లలో చైనాలో ఉక్కుకు గిరాకీ విపరీతంగా పెరిగింది. ఖనిజం ధర టన్నుకు వేల రూపాయలు పలికింది. ప్రభుత్వానికి చెల్లించాల్సిన రాయల్టీ మాత్రం టన్నుకు 27 రూపాయలకు మించలేదు. 2009 ఆగస్టులో కేంద్రం దాన్ని అమ్మకపు విలువలో 10 శాతంగా మార్చేదాకా ఇదే పరిస్థితి. ఈ రెండు అంకెల మధ్యనున్న అంతరమే బళ్లారి గనుల యజమానుల సంపదకు మూలం.

జనార్దన్ రెడ్డికి చెందిన ఓబుళాపురం మైనింగ్ కంపెనీ లీజులు ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురం జిల్లా డి.హీరేహాళ్ మండలంలో ఉన్నాయి. ఆ గనులను ఆనుకునే కర్ణాటక అటవీ ప్రాంతం మొదలవుతుంది. కంపెనీ తన లీజు హద్దులు దాటి కర్ణాటక వైపు ఖనిజాన్ని తవ్వి, ఆంధ్రప్రదేశ్ పర్మిట్లతో దాన్ని ఎగుమతి చేసిందన్నది ప్రధాన ఆరోపణ. సరిహద్దు రాళ్లను తొలగించారని, సరిహద్దులోని పురాతన సుగ్గులమ్మ గుడిని కూల్చివేశారని కూడా ఆరోపణలు వచ్చాయి. గీత ఎక్కడుందో తేలకపోతే, ఏ రాష్ట్రం ఖనిజం ఎంత పోయిందో తేల్చడమూ కష్టమే. అందుకే ఈ కేసులో సర్వే పటాలు కీలకమయ్యాయి.

ఉత్తర్వులో లేని పదం

2007లో వై.ఎస్.రాజశేఖర రెడ్డి ప్రభుత్వం కడప జిల్లా జమ్మలమడుగు వద్ద బ్రహ్మణి స్టీల్స్ కర్మాగారానికి పది వేల ఎకరాలకు పైగా భూమి కేటాయించింది. ఆ ఏడాదే ఓబుళాపురం కంపెనీకి మరో రెండు గనుల లీజులు దక్కాయి. ఖనిజాన్ని సొంత పరిశ్రమ అవసరాలకే వాడాలన్న షరతును గనుల శాఖ పరిభాషలో ‘క్యాప్టివ్’ అంటారు. తుది ఉత్తర్వుల్లో ఈ పదం లేకపోవడాన్ని సీబీఐ కుట్రలో భాగంగా చూపింది. ఆ పదం ఉంటే ఖనిజం ఉక్కు కర్మాగారానికి చేరాలి, లేకపోతే ఓడరేవుకు చేరవచ్చు. కర్మాగారం మాత్రం పూర్తికాలేదు. తర్వాత ప్రభుత్వం భూ కేటాయింపును రద్దు చేసింది.

మంత్రి పదవి, తిరుగుబాటు

2006లో శాసనమండలి సభ్యుడైన జనార్దన్ రెడ్డి, నాటి ముఖ్యమంత్రి హెచ్.డి.కుమారస్వామి గనుల యజమానుల నుంచి 150 కోట్ల రూపాయలు తీసుకున్నారని ఆరోపించి సంచలనం రేపారు. కుమారస్వామి ఆ ఆరోపణను ఖండించారు. అప్పటికి బీజేపీ ఆ సంకీర్ణ ప్రభుత్వంలో భాగస్వామి.

2008 ఎన్నికల్లో 224 స్థానాల సభలో బీజేపీకి 110 సీట్లు వచ్చాయి. మెజారిటీకి అవసరమైన స్వతంత్రుల మద్దతు కూడగట్టడంలో రెడ్డి సోదరులది ముఖ్యపాత్ర. దక్షిణాదిలో బీజేపీ సొంతంగా ఏర్పాటు చేసిన ఆ తొలి ప్రభుత్వంలో జనార్దన్ రెడ్డికి పర్యాటకం, మౌలిక వసతుల శాఖలు, కరుణాకర్ రెడ్డికి రెవెన్యూ, శ్రీరాములుకు ఆరోగ్య శాఖ లభించాయి. సోమశేఖర్ రెడ్డి రాష్ట్ర పాల సమాఖ్య అధ్యక్షుడయ్యారు.

2009 చివర్లో వీరు ముఖ్యమంత్రి బి.ఎస్.యడియూరప్పపైనే తిరుగుబాటు చేశారు. ఢిల్లీ పెద్దల జోక్యంతో ప్రభుత్వం నిలిచినా, మంత్రి శోభా కరంద్లాజెను తప్పించాల్సి వచ్చింది. యడియూరప్ప టెలివిజన్ కెమెరాల ముందు కంటతడి పెట్టారు. అదే ఏడాది జూన్‌లో జనార్దన్ రెడ్డి తిరుమల శ్రీవారికి వజ్రాల కిరీటం సమర్పించారు. దాని విలువ 40 కోట్ల రూపాయలకు పైమాటేనని అప్పట్లో వార్తలు వెలువడ్డాయి. ఆయన అరెస్టు తర్వాత కిరీటాన్ని తిప్పి పంపాలన్న డిమాండ్లు వినిపించాయి.

లోకాయుక్త నివేదిక

2011 జులైలో కర్ణాటక లోకాయుక్త జస్టిస్ ఎన్.సంతోష్ హెగ్డే సమర్పించిన నివేదిక ప్రకారం, 2006 నుంచి 2010 వరకు అక్రమ తవ్వకాల వల్ల ప్రభుత్వ ఖజానాకు వాటిల్లిన నష్టం 16,085 కోట్ల రూపాయలు. ఇది ఒక్క సంస్థకు సంబంధించిన లెక్క కాదు, మొత్తం అక్రమ మైనింగ్ లెక్క. పర్మిట్లు లేని ఖనిజాన్ని తనిఖీలు లేకుండా రేవులకు చేర్చే ‘జీరో రిస్క్’ విధానం బళ్లారిలో నడిచిందని నివేదిక పేర్కొంది. దీని ఫలితంగా యడియూరప్ప రాజీనామా చేశారు. తర్వాత ఏర్పడిన సదానంద గౌడ మంత్రివర్గంలో రెడ్డి సోదరులకు చోటు దక్కలేదు. దాదాపు అదే సమయంలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో గనుల తవ్వకాన్ని నిలిపివేసింది. 2013లో తీవ్ర ఉల్లంఘనలకు పాల్పడిన లీజులను రద్దుచేసి, జిల్లాలో వార్షిక ఉత్పత్తికి 2.5 కోట్ల టన్నుల పరిమితి విధించింది.

అరెస్టు, బెయిలు వివాదం

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోరిక మేరకు కేసు చేపట్టిన సీబీఐ, 2011 సెప్టెంబరు 5న జనార్దన్ రెడ్డిని, ఆయన బావమరిది, కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ బి.వి.శ్రీనివాస రెడ్డిని బళ్లారిలో అరెస్టు చేసి హైదరాబాద్ తరలించింది. 2012 మేలో సీబీఐ కోర్టు ఇచ్చిన బెయిలు మరో కేసుకు దారితీసింది. బెయిలు కోసం డబ్బు చేతులు మారిందన్న ఆరోపణపై న్యాయమూర్తి సస్పెండయ్యారు, బెయిలు రద్దయింది. చివరకు 2015 జనవరిలో సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. అయితే బళ్లారి, అనంతపురం, కడప జిల్లాల్లో అడుగుపెట్టరాదని షరతు విధించింది.

2016 నవంబరులో, పెద్దనోట్ల రద్దు ప్రకటించిన కొద్దిరోజులకే, బెంగళూరులో జరిగిన ఆయన కుమార్తె వివాహం దేశవ్యాప్త చర్చకు దారితీసింది. సామాన్యులు బ్యాంకుల ముందు బారులు తీరిన వేళ ఆ వేడుకకు వందల కోట్లు ఖర్చయ్యాయన్న వార్తలు వచ్చాయి. 2018 నవంబరులో యాంబిడెంట్ అనే పెట్టుబడుల సంస్థ కేసులో బెంగళూరు పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. కొద్ది రోజులకే బెయిలు లభించింది.

సొంత పార్టీ, సొంతింట పోటీ

2018 ఎన్నికల సమయంలో జనార్దన్ రెడ్డితో తమకు సంబంధం లేదని బీజేపీ జాతీయ అధ్యక్షుడు అమిత్ షా ప్రకటించారు. సోదరులకు, శ్రీరాములుకు మాత్రం పార్టీ టికెట్లు దక్కాయి. 2022 డిసెంబరులో జనార్దన్ రెడ్డి కల్యాణ రాజ్య ప్రగతి పక్ష పేరుతో సొంత పార్టీ స్థాపించారు. బళ్లారిలో ప్రవేశం లేనందున 2023లో కొప్పళ జిల్లా గంగావతి నుంచి పోటీచేసి గెలిచారు. ఆ పార్టీకి దక్కిన ఏకైక సీటు అదే. బళ్లారి నగరంలో ఆయన భార్య అరుణ లక్ష్మి, బీజేపీ అభ్యర్థి అయిన ఆయన సోదరుడు సోమశేఖర్ రెడ్డి ముఖాముఖి తలపడగా, కాంగ్రెస్ అభ్యర్థి నారా భరత్ రెడ్డి విజయం సాధించారు.

2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల ముంగిట, ఆయన తన పార్టీని బీజేపీలో విలీనం చేశారు. ఆ ఏడాది సెప్టెంబరు చివర్లో సుప్రీంకోర్టు షరతు సడలించడంతో అక్టోబరులో బళ్లారిలో అడుగుపెట్టారు.

తీర్పు తేల్చినవి, మిగిలినవి

2025 మే తీర్పులో జనార్దన్ రెడ్డితోపాటు శ్రీనివాస రెడ్డి, గనుల శాఖ మాజీ డైరెక్టర్ వి.డి.రాజగోపాల్, వ్యక్తిగత సహాయకుడు మెహఫూజ్ అలీ ఖాన్‌లను న్యాయస్థానం దోషులుగా తేల్చింది. నాటి గనుల మంత్రి సబితా ఇంద్రారెడ్డి, మాజీ ఐఏఎస్ అధికారి కృపానందం నిర్దోషులుగా బయటపడ్డారు. ఈ కేసులో 884 కోట్ల రూపాయల నష్టం జరిగిందని సీబీఐ పేర్కొంది. రాజకీయ కక్షతోనే తనపై కేసులు పెట్టారన్నది జనార్దన్ రెడ్డి వాదన.

ప్రస్తుతానికి శిక్ష అమలు నిలిచింది. గనుల తవ్వకం పరిమితులతో తిరిగి మొదలైంది. జనార్దన్ రెడ్డి మళ్లీ బీజేపీ శాసనసభ్యుడిగా గంగావతికి ప్రాతినిధ్యం వహిస్తున్నారు. ఖనిజంతో ఖాళీ అయిన కొండలు మాత్రం ఏ తీర్పుతోనూ తిరిగి రావు. ఒక సరిహద్దు రాయిని ఎవరు కాపలా కాయాలి, ప్రభుత్వ ఉత్తర్వులోని ఒక పదానికి ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్నలు, ఓబుళాపురం కేసు ముగిసినా ప్రతి గనుల లీజుకూ వర్తించేవే.