ఆఫీసు బల్ల చుట్టూ

ఆ కందికట్టె ఇంకో రెండు ఎగదొయ్యి నాన్నా, మంట సన్నగిల్లింది. అమ్మాయ్, పొగవైపు కూర్చోకు, ఇటు రా. పొద్దున బెజవాడ నుంచి వచ్చిపోయినాయన మనకేమవుతాడని అడిగారుగా? ఏమీ కాడు. ఆయన నాన్నగారు మా హెడ్ క్లర్కు. ముప్పై ఏళ్ళకు పైగా మేం ఒకే ఆఫీసులో ఫైళ్ళు మోశాం, ఒకే గదిలో మోకాళ్ళూనాం.

నేను కాలేజీ ఆఫీసులో రికార్డు అసిస్టెంటుగా చేరింది 1969లో. అంతకు ముందేడే కంచికచర్లలో కోటేశును తగలబెట్టారు. మనబోటి ఇంటి పిల్లవాడు, పాలేరుగా ఉండేవాడు. దొంగతనం అంటగట్టి బతికుండగానే నిప్పుపెట్టారు. మన చెవిటికల్లుకూ కంచికచర్లకూ ఎంత దూరమని! పొద్దున కబురు పుడితే మధ్యాహ్నానికి మన పల్లెలో పొయ్యి వెలగలేదు. మా నాన్న ఆ రాత్రే అన్నాడు, వీణ్ణి ఈ చుట్టుపక్కల ఎవరింటా పనికి పెట్టనని. ఎస్సెల్సీ ప్యాసై ఉన్నాను గనక, మా పాస్టరయ్యగారు ఇచ్చిన ఉత్తరం పట్టుకుని బెజవాడ వెళ్ళాను.

ఆఫీసులో హెడ్ క్లర్కు గారు గుంటూరు జిల్లా రెడ్లు, తాతల నాటి నుంచీ ఆర్సీఎం. టైపిస్టు అమ్మగారు బందరువైపు మనిషి, మనలాగే సీఎస్ఐ. అకౌంటెంటు గారు తెనాలి దగ్గర లూథరన్ సంఘం. క్యాషియరు గారొక్కరే వైష్ణవులు, నిలువు నామం పెట్టుకుని వచ్చేవారు. నేను చేరేసరికే వాళ్ళకో అలవాటుంది. పదింటికి ఆఫీసు బెల్లు. పావుతక్కువకే ముగ్గురూ రికార్డు గదిలో చేరి ప్రార్థన చేసుకునేవాళ్ళు. ఆ కాసేపూ క్యాషియరు గారు కౌంటరు దగ్గర నిలబడి, ఫీజు కట్టడానికి ముందే వచ్చిన పిల్లల్ని సముదాయించేవారు. ఎవరూ అడగలేదు ఆయన్ని. తనంతట తానే చేసేవారు.

నన్నూ పిలిచారు. వెళ్ళాను, గుమ్మం దగ్గరే నిలబడ్డాను. మీకు చెప్పాల్సిన సంగతి, మన గుళ్ళల్లో కూడా ఆ రోజుల్లో ఎవరి వరస వారిదే. ఒకే ప్రభువు పేరు చెప్పుకుంటూనే కొన్ని చోట్ల రెడ్లొక పక్క, మనమొక పక్క. అందుకని ప్రార్థనకు పిలిచినంత మాత్రాన నాకు ధైర్యం రాలేదు. ఆ రోజు మధ్యాహ్నం నా గిన్నె తీసుకుని వరండాలోకి పోబోతుంటే హెడ్ క్లర్కు గారు, "ఏమయ్యా, ఇక్కడ బల్ల లేదా?" అన్నారు. తన కారియరు జరిపి చోటిచ్చారు. నా గిన్నెలోంచి గోంగూర పచ్చడి తానే చేత్తో తీసుకుని అన్నంలో కలుపుకున్నారు. టైపిస్టు అమ్మగారు కుండలోంచి నీళ్ళు ముంచి అందరికిచ్చిన గ్లాసులోనే నాకూ ఇచ్చారు. ఇన్నేళ్ళు వాళ్ళతో చేసిన ప్రార్థనలకన్నా ఆ గ్లాసే నాకు ముందు గుర్తొస్తుంది. మరునాడు రికార్డు గదిలోకి లోపలిదాకా వెళ్ళాను.

మొదట్లో మా ప్రార్థనకు తాళం కుదిరేది కాదు. ప్రభువు నేర్పిన ప్రార్థన ఆర్సీఎం వాళ్ళొక చోట ఆపేస్తారు, మనం రాజ్యము, శక్తి, మహిమ అంటూ ఇంకా చెప్తాం. హెడ్ క్లర్కు గారు ఆగిపోయేవారు, మేం ముగ్గురం సాగిపోయేవాళ్ళం. తరవాత తరవాత ఆయన చేతులు జోడించుకుని మేం ముగించేదాకా ఉండి, ఆమెన్ అందరితో కలిపి చెప్పేవారు. ఆయన జేబులో జపమాల ఉండేది. మాకు అది లేదు. దాని మీద ఒక్కనాడూ వాదన రాలేదు. వాళ్ళ పూజ లాటినులో జరిగిన రోజులు ఆయన చూశారు. అరవైల్లో తెలుగులోకి వచ్చినప్పుడు మొదటిసారి విన్న సంగతి చెబుతుంటే ఆయన కళ్ళు చెమర్చేవి. ఫిబ్రవరి తొమ్మిది, పది, పదకొండు గుణదల మేరీమాత తిరునాళ్ళు. ఆఫీసు వదిలాక మేమంతా ఆయనతోపాటు కొండదాకా నడిచేవాళ్ళం. క్యాషియరు గారి చిన్నబ్బాయికి పుట్టువెంట్రుకలు అక్కడే తీయించారు. అలా తీయించుకునే హిందువులు అక్కడ వేలల్లో ఉంటారు.

టైపిస్టు అమ్మగారు బందరు కబుర్లు బాగా చెప్పేవారు. ఫాక్స్ దొర, నోబుల్ దొర 1841లో కలిసే వచ్చారట. ఫాక్స్ దొర ఊళ్ళు తిరిగి వాక్యం చెప్పాడు. నోబుల్ దొర 1843లో బడి పెట్టి, 1865లో పోయేదాకా బందరు వదల్లేదు. అదే పెరిగి నోబుల్ కాలేజీ అయింది. "ఒకాయన తిరిగాడు, ఒకాయన కూర్చున్నాడు, పని ఒకటే" అనేవారావిడ, స్టెన్సిల్ మీద తప్పుపడ్డ చోట ఎర్రమందు రాస్తూ.

ఇక 1972 సంగతి. జై ఆంధ్ర ఉద్యమం ఉధృతంగా ఉంది. కాలేజీలు మూతపడ్డాయి, సర్కారు ఉద్యోగులైన ఎన్జీవోలు సమ్మెలో ఉన్నారు, మా జీతాలు ఆగిపోయాయి. క్యాషియరు గారు తన ఇంటికొచ్చిన కౌలు బియ్యంలోంచి మా నలుగురికీ తలా బస్తా పంపించారు. క్రిస్మస్‌కు మా ఊరు రండని నేను నవంబరులోనే పిలిచి ఉన్నాను. బస్సు దొరుకుతుందన్న నమ్మకం లేదు, ఇంకేం వస్తారులే అనుకున్నా. ఆ పొద్దున గుళ్ళో ఆరాధన అవుతుండగా హెడ్ క్లర్కు గారు, అకౌంటెంటు గారు, క్యాషియరు గారు మూడు సైకిళ్ళ మీద దిగారు! చీకటితోనే గొల్లపూడి దాటి, ఇబ్రహీంపట్నం మీదుగా తొక్కుకుంటూ వచ్చారు. ఊరి నడివీధిలోంచి పల్లె దారి అడిగారట. చెప్పినవాళ్ళు వీళ్ళ పంచెలూ కండువాలూ చూసి, పొరపాటున అడుగుతున్నారేమోనని మళ్ళీ అడిగించుకుని మరీ చెప్పారట.

మీ నాయనమ్మకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎక్కడ కూర్చోబెట్టాలి, ఏం పెట్టాలి! వాళ్ళు చాప మీద కూర్చున్నారు. విస్తళ్ళలో కోడికూర, గారెలు వడ్డించింది. క్యాషియరు గారు మాంసం ముట్టరు గనక ఆయనకు పప్పు, పెరుగు. ఆయన మన ఇంట్లో వండిన పప్పన్నం తిని లేచిన సంగతి మన పల్లె చాలాకాలం చెప్పుకుంది.

భోజనాలయ్యేసరికి కబురొచ్చింది, కాకాని వెంకటరత్నం గారు పోయారని. నందిగామ కేవీఆర్ కాలేజీ అంటారే, ఆ కేవీఆర్ ఆయనే. ఉద్యమాన్ని ముందుండి నడిపిన మనిషి. ఇక బెజవాడ ఎలా ఉంటుందో, రోడ్డు మీద ఏమవుతుందో తెలియదు. పోవద్దన్నాం, ఉండిపోయారు. హెడ్ క్లర్కు గారు మన పంచలో నులకమంచం మీద పడుకున్నారు. మా నాన్నకు నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి లేచి ఆయన మీద దుప్పటి సరిచేయడం నేను చూశాను. కోటేశు పోయి అప్పటికి నాలుగేళ్ళు. మా నాన్న నోటితో ఏమీ అనలేదు గానీ, ఆ తరవాత నన్ను బెజవాడ పంపినందుకు బెంగపడటం మానేశాడు.

1976లో నాగార్జున యూనివర్సిటీ వచ్చింది. అంతదాకా వాల్తేరు యూనివర్సిటీకి పంపిన నామినల్ రోల్సు కృష్ణ దాటితే చాలన్నట్టయింది. మరుసటి ఏడు నవంబరు 19న దివిసీమ ఉప్పెన. టైపిస్టు అమ్మగారి పెద్దక్క కుటుంబం అవనిగడ్డ అవతల ఉండేది. వాళ్ళను వెతకడానికి క్యాషియరు గారు, నేను ఆవిడతో వెళ్ళాం. అక్కడ చూసింది పిల్లల ముందు చెప్పను. అక్క కొడుకొక్కడు దొరికాడు, చెట్టు పట్టుకుని బతికినవాడు. వాణ్ణి ఆవిడే తెచ్చి పెంచారు.

తిరిగొచ్చాక ఆవిడ రికార్డు గదికి రావడం మానేశారు. రమ్మని మేమెవరం అడగలేదు. హెడ్ క్లర్కు గారు ఆ పావుగంటా ఆవిడ టైపు మిషను పక్కన కుర్చీ వేసుకుని ఊరికే కూర్చునేవారు. మేమిద్దరమే లోపల. జనవరిలో ఒక పొద్దున ఆవిడే లోపలికొచ్చారు. మోకాళ్ళూనలేదు, నిలబడే మొదలుపెట్టారు. పిల్లలేం చేశారు, పసిపిల్లలేం చేశారు అని దేవుణ్ణి గట్టిగా నిలదీశారు. వరండాలో పిల్లలకు వినపడేంత గట్టిగా. అకౌంటెంటు గారు ఆపబోతే హెడ్ క్లర్కు గారు చెయ్యి పట్టుకుని, "అడగనివ్వండి. ఇంకెవర్నడుగుతుంది?" అన్నారు. ఆవిడ అడగాల్సింది అంతా అడిగేదాకా నిలబడ్డాం. ఆమెన్ ఎవరూ అనలేదు ఆ రోజు.

పదింటి బెల్లు కొట్టారు. పరీక్ష ఫీజుకు ఆఖరు తేదీ అది. క్యాషియరు గారు ఒక్కరే కౌంటరు దగ్గర సతమతమవుతున్నారు. ఆవిడ ముఖం కడుక్కొచ్చి ఆయన పక్కన కూర్చుని రసీదులు రాశారు, నేను దరఖాస్తులు సర్దాను. సాయంత్రం అయిదున్నరకు గానీ మా అయిదుగురిలో ఎవరూ కారియరు విప్పలేదు.