ఆయిల్‌పామ్ పరాగసంపర్కం: పెదవేగి నుంచి ఒక చారిత్రక పరిశీలన

శాలంకాయనులు, తూర్పు చాళుక్యులు ఏలిన వేంగి నేటి పెదవేగి. 1995లో ఇక్కడ జాతీయ ఆయిల్‌పామ్ పరిశోధన కేంద్రం ఏర్పడింది. పంట మాత్రం పశ్చిమాఫ్రికాది.

రై వంటి గడ్డిజాతులు తమ పుప్పొడిని తామే తిరస్కరించి స్వఫలదీకరణను నివారించుకుంటాయి. ఆయిల్‌పామ్ అదే పనిని కాలభేదంతో సాధిస్తుంది: ఒకే చెట్టు కొంతకాలం మగ పూగుత్తులను, కొంతకాలం ఆడ పూగుత్తులను వేస్తుంది. కనుక పుప్పొడి సాధారణంగా పొరుగు చెట్టు నుంచి రావలసిందే. తెచ్చేది గాలేనని చాలాకాలం నమ్మారు. మలేసియా తోటల్లో కూలీలను పెట్టి చేతితో పుప్పొడి చల్లించారు. కామెరూన్‌లో ఆర్. ఎ. సయ్యద్ జరిపిన పరిశీలనలు ఆ నమ్మకాన్ని తలకిందులు చేశాయి. మగ పూలలో గుడ్లు పెట్టే చిన్న ముక్కుపురుగు, సోంపును తలపించే వాసనకు మోసపోయి ఆడ పూల మీద కూడా వాలుతుంది. ఆ పురుగును 1981లో మలేసియాలోను, 1985లో కేరళలోను విడిచారు.

ఈ పంట చరిత్రను 1985తో మలుపు తిప్పడం పరిపాటి. అది సగం చరిత్రే అని నా అభిప్రాయం. పురుగు పుప్పొడిని తెస్తుంది, నీటిని తేలేదు. పూగుత్తి మగదా ఆడదా అన్నది వికసించడానికి చాలా నెలల ముందే, దాదాపు రెండేళ్ల నాడే, తేలిపోతుంది; నీటి ఎద్దడిలో మగవే పెరుగుతాయి. అప్పుడు పుప్పొడికీ పురుగుకూ కొదవ ఉండదు, గెల కట్టే ఆడ పూగుత్తులే కరవు. పెదవేగి మెట్టలో బోరు అడుగంటిన వేసవి గెలల లెక్కలో కనబడేసరికి నడుమ రెండు వానాకాలాలు గడిచిపోయి ఉంటాయి. నింద పురుగు మీద పడుతుంది.